యుట్టా హిప్ జీవిత చరిత్రము

మనము పఠించు జీవిత చరిత్రములలో పెక్కు ఒక్క తీరుననే నడచుచుండును. బీద కుటుంబమున పుట్టిన బాలుడు కష్టపడి విద్య నభ్యసించి, అడ్డంకులనన్నిటిని గడచి, తుదకు కీర్తిశిఖరము నెక్కును. గ్రంథకర్త యచ్చటనే కలము నాపును. ఇప్పుడు మేము చెప్పబోవు చరిత్ర యట్టిది కాదు. ఇందలి స్త్రీ యనేక కష్టములనుభవించి శిఖరము దాక నెక్కినది నిజమే. కాని యామె యచ్చట నిలువక తనంతట తాను దిగి వచ్చి, దుస్తులు తయారుచేయు కర్మాగారమున కుట్టుపనికి కుదిరి, సుమారు 35 సంవత్సరములు ఆ పనియందే గడపెను. ఆమె యేల దిగెనో యను ప్రశ్నకు సంగీతజ్ఞులు నేటికిని పలు విధములుగా సమాధానము చెప్పుచున్నారు. ఆమె పేరు యుట్టా హిప్. జర్మను దేశస్థురాలు. జాజ్ అను సంగీతమున పియానో వాయించుటయందు తన కాలపు ఐరోపా విద్వాంసులలో ముందు వరుసలో నెన్నబడినది.

జాజ్ అననేమో యెరుగని చదువరులు మనలో పలువురుండవచ్చును. ఆఫ్రికా ఖండమునుండి బానిసలుగా అమెరికాకు కొనిపోబడిన నల్లజాతి జనుల సంతతివారు 20వ శతాబ్దపు ఆరంభమున, ముఖ్యముగా న్యూ ఆర్లియన్సు అను రేవుపట్టణమున, ఈ సంగీతమునకు రూపము కల్పించిరి. ఇందు స్వరములనన్నిటిని కాగితముపై వ్రాసియుంచుకొని ఉన్నవి యున్నట్లు వాయించుట ముఖ్యము కాదు. ఒక పాట వరుసను, దానికి ఆధారమైన స్వరమేళనమును పట్టుకొని వాద్యకారుడు అప్పటికప్పుడు తన మనస్సునకు తోచిన కల్పనలు చేయవలెను. మన దక్షిణదేశపు విద్వాంసులు కచేరీలలో చేయు స్వరకల్పనను విన్నవారికి ఇది సులభముగా బోధపడును. అయితే మన విద్వాంసుడు ఒక రాగపు హద్దులలో సంచరించును. జాజ్ వాద్యకారుడో, పాటలో క్షణక్షణమును మారుచుండు స్వరమేళనముల వెంట తానును మారుచు పరుగెత్తవలెను. తడబడినచో అందరును విందురు. తుడిచి మరల వ్రాయుటకు వ్యవధి లేదు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు కథలో దీనితో పని యున్నది.

యుట్టా హిప్ 1925వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన లైప్సిగ్ నగరమున జన్మించెను. పాశ్చాత్య సంగీతమునకు ఆ నగరము పుట్టినిల్లు వంటిది. యోహాన్ సెబాస్టియన్ బాహ్ 1723 మొదలు 1750లో తాను మరణించువరకు అచ్చటి సెయింట్ థామస్ దేవాలయమున సంగీతాధిపతిగా నుండెను. మెండెల్సన్ 1843లో అచ్చటనే సంగీత కళాశాలను స్థాపించెను. యుట్టా తలిదండ్రులు ప్రొటెస్టంటు మతస్థులు, మధ్యతరగతి గృహస్థులు. ఆమె తొమ్మిదవ యేట పియానో నేర్వనారంభించెను. బొమ్మలు గీయుటయందును ఆమెకు మిక్కిలి యాసక్తి. ఎదిగిన పిమ్మట ఆ నగరమందలి చిత్రకళా విద్యాలయమున చేరి చదివెను. సంగీతము, చిత్రలేఖనము అను ఈ రెండు విద్యలును ఆమెకు తుదివరకు తోడుగా నుండెను. కాని రెండింటిలో ఏది యెప్పుడు ముందునకు వచ్చినదో, ఏది వెనుకకు తగ్గినదో, అదియే ఆమె కథ యని చెప్పవచ్చును.

ఆమె ఎనిమిదవ యేట, 1933లో, హిట్లరు జర్మనీలో అధికారమునకు వచ్చెను. నాజీలు జాజ్ సంగీతమును ద్వేషించిరి. నల్లజాతివారు పుట్టించినది, యూదులలో పలువురు వాయించునది యగుటయే దాని దోషము. 1935 అక్టోబరులో జర్మను రేడియోయందు జాజ్ వినిపింపరాదని నిషేధించిరి. 1938లో డుసెల్డార్ఫ్ నగరమున, తమకు గిట్టని సంగీతమును పరిహసించుటకై యొక ప్రదర్శనమునే యేర్పరచిరి. దాని గోడపత్రికపై సాక్సఫోను వాయించుచున్న నల్లజాతి మనుష్యుని వికారముగా గీసి, వాని యంగీపై యూదుల నక్షత్రమును తగిలించిరి. 1939 సెప్టెంబరులో యుద్ధము మొదలుకాగా, అన్య దేశముల రేడియో ప్రసారములను వినుటయే నేరమని శాసనము చేసిరి. విన్నవారికి కారాగృహము, విన్న వార్తలను వ్యాపింపజేసినవారికి ఒక్కొక్కప్పుడు మరణదండనము.

ఇట్టి కాలమున లైప్సిగ్‌లో కొందరు యువజనులు రహస్యముగా గూడి, తలుపులు మూసుకొని, గ్రామఫోను రికార్డులపై జాజ్ వినుచుండిరి. యుట్టా వారిలో నొకతె. అచ్చుపడిన స్వరపుస్తకములు దొరకవు, నేర్పు గురువు లేడు. అందుచేత ఆమె నిషిద్ధమైన పరదేశపు ప్రసారములను చిన్న శబ్దముతో విని, వాని వరుసలను కాగితముపై వ్రాసుకొనుచుండెను. యుద్ధము ముదిరిన కొలది లైప్సిగ్‌పై విమానములు బాంబులు కురిపించుచుండెను. 1943 డిసెంబరు 4వ తేదీన జరిగిన దాడిలో నగరపు నడిబొడ్డు చాలవరకు తగులబడినది. పుస్తక ప్రచురణమునకు పేరుగన్న పేటలో లక్షలకొలది గ్రంథములు బూడిదయయ్యెను. అపాయసూచకమైన కూతలు వినబడగానే ఇంటిలోనివారు నేలమాళిగలోనికి దిగి తలదాచుకొనుచుండగా, యుట్టా మీదనే నిలిచిపోయి రేడియోలో వచ్చుచున్న పాటను వ్రాసుకొనుచుండెడిదట! దీనిని ధైర్యమందుమో, యౌవనపు తెగువ యందుమో చదువరులే నిర్ణయింతురు గాక. తలపైన బాంబులు వేయుచున్న విమానములును, చెవిలో పడుచున్న పాటయు శత్రుపక్షమునుండియే వచ్చుచుండెననుట మాత్రము విచిత్రమైన సంగతి.

ఆ నగరముననే రోల్ఫ్ కూన్ అను బాలుడుండెను. అతడు క్లారినెట్ అను ఊదు వాద్యమును నేర్చుకొనుచుండెను. అతనికి అమెరికా విద్వాంసుడైన బెన్నీ గుడ్మన్ వాయించిన రికార్డును మొదట వినిపించినది యుట్టాయే. ఆ బాలుడు పెద్దవాడై అమెరికాకు పోయి, ఆ గుడ్మన్ బృందముననే చేరి వాయించెను.

1945 ఏప్రిలులో అమెరికా సైన్యములు లైప్సిగ్‌ను పట్టుకొనెను. జూలైలో, ముందు చేసికొన్న ఒడంబడికచొప్పున, నగరమును సోవియట్ సైన్యమునకు అప్పగించి వెడలిపోయెను. 1946లో యుట్టా పుట్టిన యూరును విడిచి పడమటి దిక్కునకు తరలిపోయెను. బాహ్ సంగీతము మ్రోగిన ఆ పట్టణమున ఆమె మరల కాపురముండలేదు.

పడమటి జర్మనీయందు ఆమె బవేరియా ప్రాంతమున మ్యూనిక్ చుట్టుపట్ల నివసించుచు, అమెరికా సైనికుల విహారశాలలలో పియానో వాయించి పొట్టపోసికొనెను. యుద్ధానంతరము జర్మనీలో నోట్లకు విలువ లేదు. రొట్టెయు, బొగ్గును, సిగరెట్లును నాణెములవలె చెల్లుచుండెను. సైనికుల ఎదుట వాయించినవారికి ఒకపూట భోజనము దొరకుటయే గొప్ప. ఆ దినములలో ఆమె అన్నవస్త్రముల కొరత చేత శరీరము చిక్కి జబ్బు పడెను. 1948లో ఆమెకొక కుమారుడు కలిగెను. తండ్రి అమెరికా సైన్యమందలి నల్లజాతి సైనికుడు. ఆ కాలపు సైన్యపు కట్టుబాట్ల వలన అట్టి తండ్రి ఆ బిడ్డను తన బిడ్డ యని చెప్పుకొనుటకు వీలులేకుండెను. ఒంటరియై, నిలువ నీడలేక, తినుటకు తిండి లేక యున్న తల్లి యా శిశువును దత్తతకు ఇచ్చివేసెను. తాను అభిమానించిన యొక అమెరికా జాజ్ విద్వాంసుని పేరును ఆ బిడ్డకు పెట్టియుండెను. ఈ దుఃఖమును గూర్చి ఇంతకు మించి వ్రాయుట మాకు న్యాయముగా తోచదు. కాని దీనిని విడిచి ఆమె జీవితమును చెప్పుటయు న్యాయము కాదు.

కొంతకాలమునకు ఆమె వాదనము పేరునకు వచ్చెను. హాన్స్ కోలర్ అను ఆస్ట్రియా దేశపు సాక్సఫోను విద్వాంసుని బృందములో చేరి జర్మనీ అంతటను తిరిగి వాయించెను. 1953లో అమెరికానుండి డిజ్జీ గిలెస్పీ అను ప్రఖ్యాత బాకా విద్వాంసుడు జర్మనీకి వచ్చినపుడు కోలర్ బృందమును అతనితో కలిసి కచేరీలు చేసెను. ఆ సంవత్సరముననే ఆమె ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున తన పేర ఐదుగురితో బృందమును స్థాపించెను. అమెరికా సైన్యపు ముఖ్యస్థానములలో నొకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో నుండుటచేత ఆ నగరము ఆ కాలమున జర్మను జాజ్‌కు రాజధానియై యుండెను. ఆమె బృందములో సాక్సఫోను వాయించిన ఎమిల్ మాంగెల్స్‌డార్ఫ్ కథయు వినదగినదే. యుద్ధకాలమున జాజ్ వాయించెననియు, తోడివారితో కూడి విన్నాడనియు నాజీ రహస్య పోలీసులు అతనిని బంధించి, పిమ్మట రష్యా యుద్ధరంగమునకు పంపిరి. అతడు రష్యనుల చేత ఖైదీగా పట్టుబడి 1949 వరకు తిరిగి రాలేదు. రెండవ సాక్సఫోను యోకి ఫ్రోయిండ్, బేస్ హాన్స్ క్రెస్సె, డ్రమ్ములు కార్ల్ సానర్ వాయించిరి. పురుషులు నలుగురు, నాయకురాలు స్త్రీ. ఆ కాలమున, ఆ వృత్తియందు, అది సామాన్యమైన ఏర్పాటు కాదు.

ఆమె బాణీ ఎట్టిదనగా, న్యూయార్కులో నివసించుచుండిన లెన్నీ ట్రిస్టానో అను అంధ విద్వాంసుని మార్గమును పోలియుండెను. ఉద్రేకము లేదు, ఆర్భాటము లేదు. చల్లని, పొడుగైన స్వరపంక్తులు ఒకదాని వెంట నొకటి నీటి పాయవలె సాగిపోవుచుండును. 1954 జనవరిలో లెనార్డ్ ఫెదర్ అను విమర్శకుడు బిల్లీ హాలిడే అను గొప్ప గాయని మొదలగువారితో కూడిన బృందమును వెంటబెట్టుకొని ఐరోపా పర్యటనము చేయుచు ఆమె వాదనమును విని మెచ్చుకొనెను. ఫెదర్ ఇంగ్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. జాజ్ పత్రికలలో అతని మాటకు విలువ యుండెను. అతని పూనికచేత ఆ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆమె బృందపు సంగీతము ముద్రింపబడి, న్యూయార్కునందలి బ్లూ నోట్ అను రికార్డుల సంస్థవారిచే ప్రకటింపబడెను.

బ్లూ నోట్ సంస్థను గూర్చి ఇచ్చట కొంత చెప్పక తీరదు. 1925లో, అనగా యుట్టా పుట్టిన సంవత్సరముననే, సామ్ వుడింగ్ అను నల్లజాతి విద్వాంసుని వాద్యబృందము బెర్లిను నగరమునకు వచ్చి కచేరీలు చేసెను. వానిని విని ముగ్ధులైనవారిలో ఆల్ఫ్రెడ్ లయన్ అను యూదుల బాలుడొకడు. అతనికి అప్పటికి పదునేడేండ్లు. ఆ బాలుడు పెద్దవాడై అమెరికాకు వలసపోయి 1939లో బ్లూ నోట్‌ను స్థాపించెను. అతని బాల్యస్నేహితుడును, ఛాయాచిత్రములు తీయుటయందు నేర్పరియు నైన ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆ సంవత్సరముననే నాజీల బారినుండి తప్పించుకొని పోయి అతనిని కలిసికొనెను. జర్మనీ నుండి తరిమివేయబడిన ఆ యూదులిద్దరే, జర్మనీలో దొంగతనముగా జాజ్ నేర్చిన ఈ యువతి సంగీతమును లోకమునకు చేరవేసిరి. చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇట్టి ముడులు వేయుచుండును.

1955 నవంబరు 18వ తేదీన యుట్టా న్యూయార్కు చేరెను. 1956 మార్చిలో ఆ నగరపు 52వ వీథిలోనున్న హికరీ హౌస్ అను భోజనశాలలో ఆమెకు కచేరీ కుదిరెను. అది పెద్ద యావరణము. వాద్యకారుల వేదిక నడుమ నుండగా దాని చుట్టును గుండ్రముగా పానశాల బల్ల యుండెను. అనగా నాలుగు వైపులనుండియు జనులు చూచుచుండ, తినుచుండ, మాటలాడుచుండ, వారి మధ్యన కూర్చుండి వాయింపవలెను. ఆమెకు తోడుగా పీటర్ ఇండ్ అను ఇంగ్లీషువాడు బేసును, ఎడ్ థిగ్‌పెన్ అను అమెరికా దేశస్థుడు డ్రమ్ములును వాయించిరి. సుమారు ఆరు మాసములు ఆ కచేరీ నడచెను. ఏప్రిల్ 5వ తేదీ రాత్రి జరిగిన వాదనమును బ్లూ నోట్ వారు అచ్చటనే పట్టి రెండు సంపుటములుగా ప్రకటించిరి. ఆ వేసవిలోనే న్యూపోర్ట్ నగరమున జరిగిన సుప్రసిద్ధమైన జాజ్ ఉత్సవమునందును ఆమె పాల్గొనెను. అమెరికాలో అడుగిడి సంవత్సరమైనను కాలేదు.

జూలై 28వ తేదీన మరియొక రికార్డు తయారయ్యెను. దీనిని ముద్రించిన రూడీ వాన్ గెల్డర్ పగలు కంటివైద్యపు వృత్తి చేయుచు, మిగిలిన వేళలలో న్యూజెర్సీ రాష్ట్రమందలి హాకెన్‌సాక్ పట్టణమున తన తలిదండ్రుల యింటి ముందుగదిలో ఈ పని సాగించుచుండెను. నేడు జాజ్ ప్రియులు పూజించు రికార్డులలో ననేకము లా యింటి ముందుగదిలో పుట్టినవే. ఆనాడు యుట్టాతో జూట్ సిమ్స్ సాక్సఫోను, జెర్రీ లాయిడ్ బాకా, అహ్మద్ అబ్దుల్ మాలిక్ బేసు, ఎడ్ థిగ్‌పెన్ డ్రమ్ములు వాయించిరి. ఈ రికార్డును వినినవారు ఆమె బాణీ మారినదని వెంటనే గ్రహింతురు. ట్రిస్టానో మార్గపు చల్లదనము తగ్గి, లయ బిగువెక్కి, స్వరములు కురుచయై చురుకుగా పడుచుండును. హొరేస్ సిల్వర్ అను యువ విద్వాంసుని ప్రభావమిది. దీనిని కొందరు విమర్శకులు తప్పుపట్టి, ఆమె తన సొంత గొంతును విడిచి అన్యుని అనుకరించుచున్నదని వ్రాసిరి. మా యభిప్రాయము వేరు. జర్మనీలో దూరమునుండి రేడియోలో విన్న సంగీతమును, దాని పెంపకపు వీథులలో ప్రత్యక్షముగా వినినవారి చేయి మారకుండుటెట్లు? ఆ రికార్డులో జూట్ సిమ్స్ ప్రక్కన ఆమె వాదనము ఎచ్చటను వెలవెలబోదు.

ఇదియే ఆమె కడపటి రికార్డు. అప్పటికామె వయస్సు 31 సంవత్సరములు.

ఆమె వాద్యమును విడుచుటకు కారణములు పెక్కు చెప్పుదురు. లెనార్డ్ ఫెదర్ తాను కూర్చిన పాటలను వాయింపుమనగా ఆమె అంగీకరింపలేదనియు, అంతట వారి నడుమ ఎడమేర్పడి, ఆమెకు కచేరీలు కుదుర్చువారు లేకపోయిరనియు కొందరందురు. వేదికపైకి స్త్రీ వచ్చినపుడు ఆమె చేతులకంటె ఆమె వేషమును, ముఖమును చూచువారే అధికులు. అలంకరించుకొని నవ్వుచు నిలువవలెనను నిర్బంధము ఆమెకు సరిపడలేదు. అన్నిటికంటె పెద్ద కారణము భయము. సభ యెదుటకు పోవునపుడు ఆమె గుండెలదరుచుండెను. ఆ వణకు నణచుకొనుటకై మద్యము సేవించుట యలవాటై, అది ముదిరి, శరీరమునకును మనస్సునకును హాని చేయసాగెను. జాజ్ వాద్యకారునికి తుడిచి మరల వ్రాయు వ్యవధి లేదని మొదటనే చెప్పియుంటిమి. నాజీలకు వెరవక, బాంబులకు వెరవక పాటలు వ్రాసుకొన్న స్త్రీకి నలువైపుల జనులు కూర్చున్న వేదిక భయంకరమైనదనిన ఆశ్చర్యము కలుగవచ్చును. కాని మనుష్యుని ధైర్యము ఒకే యచ్చున పోతపోసినది కాదు. ఒకచోట నిలిచినవాడు మరియొకచోట నిలువలేకపోవుట లోకములో చూచుచునే యున్నాము.

కచేరీలు తరుగుచు వచ్చెను. అప్పుడప్పుడు దొరకు జీతముతో న్యూయార్కు వంటి నగరములో గది యద్దె చెల్లించుట సాధ్యము కాలేదు. 1958లో ఆమె క్వీన్స్ అను నగరభాగమున నున్న యొక దుస్తుల సంస్థలో కుట్టుపనికి చేరెను. కొంతకాలము పగలు కుట్టుచు, వారాంతమున మాత్రము వాయించుచుండెను. పిమ్మట అదియు మానివేసెను.

ఈ ఘట్టమును గూర్చి వ్రాయువారిలో పలువురు అయ్యో యని నిట్టూర్చుటతో ముగింతురు. పియానో మెట్లపై నడయాడిన వ్రేళ్లు సూదిదారమునకు దిగజారెనని వారి బాధ. సంగీతము కోల్పోయిన మనకు ఆ బాధ తగును. కాని ఆమె వైపునుండి చూచినచో వేరొక దృశ్యము కనబడుచున్నది. ఆకలిచే చిక్కి శల్యమైన దినములను ఎరిగిన మనుష్యురాలామె. వారము వారము తప్పక చేతికి వచ్చు జీతమనగా ఆమెకేమో, కడుపునిండ తిని పెరిగిన విమర్శకునకు తెలియదు. కర్మాగారమున కుట్టుయంత్రము ముందు కూర్చున్నవారిని ఎవరును నాలుగు వైపులనుండి చూడరు. కుట్టు తప్పినచో విప్పి మరల కుట్టవచ్చును. సాయంకాలము గంట కొట్టగానే ఇంటికి పోయి తలుపు మూసికొన్నచో మిగిలిన కాలమంతయు తనదే. ఆ పని హీనమని ఆమె తలచిన జాడ యెచ్చటను లేదు. తలచియుండినచో సుమారు 35 ఏండ్లు, ఆ పని ముగిసి విశ్రాంతి పొందువరకు, ఒక్కచోట నుండియుండదు.

ఇంటికి పోయి ఆమె చేసినదేమి? బాల్యమున చిత్రకళాశాలలో నేర్చిన విద్యను మరల పట్టుకొనెను. నీటిరంగులతో చిత్రములు వ్రాసెను. తానెరిగిన జాజ్ విద్వాంసుల ముఖములను హాస్యరేఖలతో గీసెను. చిత్రకారుడు తన పటమును గోడకు తగిలించి తాను ప్రక్కకు తొలగవచ్చును. చూచువారు పటమును చూతురు గాని అతనిని చూడరు. పియానో వాద్యకారునికి ఆ సౌకర్యము లేదు. ఆమెకు ఈ భేదము ప్రాణప్రదమైనదిగా మాకు తోచుచున్నది. సంగీతముపై ద్వేషము మాత్రము లేకుండెను. ఇతరులు వాయించు చోట్లకు శ్రోతగా పోయి వినుచుండెను. ప్రక్కన కూర్చుండినవారికి ఈ నిరాడంబరపు కుట్టుపనికత్తె ఒకప్పుడు న్యూపోర్ట్ వేదికపై వాయించినదని తెలిసియుండదు.

ఇంతలో సముద్రముల కావల ఆమె రికార్డులు బ్రతికియే యుండెను. జపాను దేశపు జాజ్ ప్రియులు బ్లూ నోట్ వారి పాత రికార్డులను అధికమైన వెలనిచ్చి కొనుచుండిరి. ఆమెవి మరల మరల ముద్రింపబడెను. వాని అమ్మకము వలన ఆమెకు రావలసిన పైకము సంస్థవారి లెక్కలలో సంవత్సరముల కొలది పేరుకొనిపోయెను. చిరునామా దొరకలేదు. ఎక్కడనో దూరదేశమున నున్నదనుకొనిన యామె, సంస్థ యున్న ఆ నగరముననే నివసించుచుండెను! తుదకు 2000 ప్రాంతమున సంస్థవారామెను కనుగొని, సుమారు 40,000 డాలర్లకు చెక్కును అందజేసిరి. అప్పటికామె వయస్సు 75 సంవత్సరములు దాటినది. నలువది నాలుగేండ్ల నాటి వాదనమునకు ఫలమది.

ఆ పైకమును ఆమె దీర్ఘకాల మనుభవింపలేదు. క్లోమమునకు క్యాన్సరు సోకి, 2003వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన క్వీన్స్ నందలి తన నివాసముననే మరణించెను. అమెరికాకు వచ్చిన పిమ్మట ఆమె పుట్టిన దేశమునకు తిరిగి పోలేదు. ఆమె శరీరము కొలంబియా విశ్వవిద్యాలయమునకు దానముగా ఇయ్యబడెను.

మరణించిన తరువాత ఆమె దేశస్థులు ఆమెను తలచుకొనిరి. 2011లో లైప్సిగ్ నగరపాలకులు అచ్చటి యొక త్రోవకు ఆమె పేరు పెట్టిరి. 2015లో ఆమె రికార్డులను, చిత్రములను, జీవితమును గూర్చిన వ్యాసములను చేర్చి జర్మనీలో ఒక పెద్ద సంపుటము ప్రచురించిరి. అందు ఆమె పియానో వాదనమును వినుచునే ఆమె గీసిన బొమ్మలను చూడవచ్చును. 1956 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి హికరీ హౌస్‌లో పట్టిన రికార్డు నేటికిని దొరకును. మొదట ఫెదర్ ఆమెను సభకు పరిచయము చేయుట వినబడును, పిమ్మట చప్పట్లు, అటుపై గిన్నెల సవ్వడి నడుమ, చిన్నగా, తొందరలేక, పియానో మొదలగును.